పెట్టె తాళం ఎవరి దగ్గర?

ఊరందరి కష్టాలూ మోకాళ్ళూని ప్రార్థనలో పెట్టే పాస్టరమ్మ తన కష్టం ఎవరికి చెప్పుకోవాలి? భీమిలి తీరంలో నూటయాభై ఏళ్ళుగా నలుగుతున్న సంగతి ఇది.

కెనడా తూర్పు కొసన, నోవా స్కోషియాలో, కాన్సో అని ఓ చేపల రేవు ఉంది. అక్కడ మంచు, ఇక్కడ ఉక్కపోత. రెండూ సముద్రాన్ని నమ్ముకున్న ఊళ్ళన్న మాట తప్ప భీమునిపట్నానికీ దానికీ మరో పోలిక దొరకదు. అయినా భీమిలిలో క్రైస్తవ స్త్రీల పరిచర్య గురించి రాయాలంటే గంటస్తంభం దగ్గరో, డచ్చివారి సమాధుల దగ్గరో మొదలుపెడితే కుదరదు. కాన్సోకి వెళ్ళాలి.

1870లో ఆ ఊరి అమ్మాయి హన్నా మరియా నోరిస్ బర్మా వెళ్ళి మిషన్ పని చేస్తానని బాప్టిస్టు పెద్దల బోర్డుని అడిగింది. డబ్బు లేదన్నారు. బోర్డు దగ్గర లేకపోతే సంఘాల్లో ఉన్న ఆడవాళ్ళనే అడిగి చూడమని సలహా వచ్చింది. ఆమె ఆ వేసవంతా ఊరూరా తిరిగింది. చర్చి చర్చికీ స్త్రీల సహాయక సంఘం పెట్టించుకుంటూ పోయింది. మొదటిది కాన్సోలోనే. ఆకురాలు కాలానికల్లా అలాంటివి ముప్పైకి పైగా లేచాయి. చందా చిల్లర డబ్బులే. ఇంటి ఖర్చులో మిగిల్చిన సెంట్లు. కానీ పెట్టె తమది, లెక్క తమది. ఆ ఏడాదే నోరిస్ ఓడెక్కింది.

అలా దారి పడ్డాక 1873లో అదే తీరం నుంచి మరికొందరు మిషనరీలు బయల్దేరారు. సయాం దేశంలో కరెన్ ప్రజల మధ్య పని చేయాలన్నది వాళ్ళ ఉద్దేశం. తీరా చూస్తే అక్కడ కరెన్లు అనుకున్నంతమంది లేరు. అప్పటికే కాకినాడలో పని మొదలుపెట్టిన ఒంటారియో, క్యుబెక్ బాప్టిస్టులు ఇటు రమ్మన్నారు. 1875లో తెలుగు తీరానికి చేరారు. శాన్‌ఫర్డ్ దంపతులు భీమిలిలో దిగారు. ఛర్చిల్ దంపతులు కొన్నేళ్ళకి బొబ్బిలిలో స్థిరపడ్డారు. నోరిస్ ఈలోగా ఆర్మ్‌స్ట్రాంగ్ అనే తోటి మిషనరీని పెళ్ళాడింది. వాళ్ళిద్దరి వంతు శ్రీకాకుళం. తర్వాత ఆమె మళ్ళీ బర్మా చేరి, అక్కడికి పొట్ట చేతపట్టుకుని వలసపోయిన తెలుగు, తమిళ కుటుంబాల మధ్య పనిచేసింది. రంగం (రంగూన్) వెళ్ళడమనే మాట ఉత్తరాంధ్రలో ప్రతి ఇంటా వినిపించిన కాలమది. ఆ ఓడలు ఆగిన రేవుల్లో భీమిలి కూడా ఒకటి.

ఇదంతా చరిత్ర పాఠంలా అనిపిస్తే ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు. మన ఉత్తరాంధ్ర పాత బాప్టిస్టు సంఘాలకి పునాది వేసినవాళ్ళ జాబితాలో మగ మిషనరీల పేర్లే ముందుంటాయి. వాళ్ళని పంపిన డబ్బులో మాత్రం పెద్ద భాగం ఆడవాళ్ళ సంఘాల పెట్టెల్లోంచి వచ్చింది.

ఆ పెట్టెల వెనక డబ్బుతోపాటు మాటా ఉంది. విశాఖలో టింపనీ స్కూలు పేరు తెలియనివాళ్ళుండరు. ఆ పేరుగల అమెరికస్ టింపనీ, కాకినాడ మిషన్ మొదలుపెట్టిన జాన్ మెక్‌లారిన్ తోడల్లుళ్ళు. వాళ్ళ భార్యలు జేన్, మేరీ బేట్స్ అక్కచెల్లెళ్ళు. పుట్టింటి నుంచి వేల మైళ్ళ దూరంలో అక్కకి చెల్లెలు, చెల్లెలికి అక్క ఉండడం ఎంత పెద్ద ఆసరానో ఊహించుకోవచ్చు. ఆ అదృష్టం లేనివాళ్ళకి ఉత్తరాలే దిక్కు. బొబ్బిలిలో ఆడపిల్లలకి బడి నడిపిన మటిల్డా ఛర్చిల్ ఉత్తరాలు 1916లో ఏకంగా పుస్తకంగానే వచ్చాయి. అంతకు చాలా ముందే, 1878లో, కెనడాలో బాప్టిస్టు స్త్రీలు 'కెనడియన్ మిషనరీ లింక్' అనే పత్రిక పెట్టుకున్నారు. తెలుగు దేశంలో ఉన్న ఆడవాళ్ళు రాసిన ఉత్తరాలు అందులో అచ్చయ్యేవి. అక్కడి స్త్రీల సమావేశాల్లో చదివేవారు. ఎండల గురించి, జ్వరాల గురించి, బడికి పిల్లలు రాకపోవడం గురించి రాసినదాన్ని వినేవాళ్ళు ఉన్నారు.

దొరసానమ్మ పక్కన నడిచిన మనిషి

మరి ఆ దొరసానమ్మ పక్కన చెప్పుల్లేకుండా నడిచిన తెలుగు మనిషి సంగతేమిటి?

బైబిల్ స్త్రీ. పాత సంఘాల్లో ఆ మాట ఇప్పటికీ బతికే ఉంది. ఎక్కువమంది వితంతువులు. కొందరు బోధకుల భార్యలు. చదవడం వచ్చినవాళ్ళు, లేదా ఈ పనికోసమే చదవడం నేర్చుకున్నవాళ్ళు. ఘోషా ఉన్న ఇళ్ళలోకి మగ బోధకుడు పోలేడు. తెల్లమ్మకి భాష సరిగా రాదు. వాకిట్లో కూర్చుని కీర్తన ఎత్తుకుని, పిల్లకి అక్షరాలు దిద్దించి, జబ్బుగా ఉన్న ముసలమ్మకి మందు చెప్పి, కథగా సువార్త చెప్పగలిగింది ఈమే. అయితే చాలా ఇళ్ళ గుమ్మం దగ్గర ఈమెని ముందు కులమే ఆపేది. దొరసానికి వేసిన కుర్చీ ఈమెకి వేసేవారు కాదు. రెండు రకాల గుమ్మాలు దాటి పనిచేసిన ఈ స్త్రీల మీద జేమ్స్ ఎలీషా తానేటి రాసిన పరిశోధన గ్రంథం 2013లో వచ్చింది. తెలుగు స్త్రీలు మిషన్ పనిలో ఊరికే చేతికింద మనుషులు కారనీ, కులాన్నీ ఆడతనాన్నీ కలిపి చూస్తే తప్ప వాళ్ళ పని అర్థం కాదనీ ఆయన చూపించారు.

ఒంగోలులో 1854 జనవరి 1 తెల్లవారుజామున కొండమీద జరిగిన ప్రార్థన గురించి తెలుగు బాప్టిస్టులంతా చెప్పుకుంటారు. ప్రేయర్ మీటింగ్ హిల్ అని ఆ కొండకి పేరే పడిపోయింది. ఆ రోజు కొండెక్కింది అయిదుగురు. జూయెట్ దొర, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే బోధకుడు, జూలియా, రూతు. లెక్కపెడితే అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు. కానీ కథ చెప్పేటప్పుడు దొర పేరు ముందొస్తుంది. జూలియా, రూతుల ఇంటిపేరేమిటో అడిగినవాళ్ళు తక్కువ. మిషన్ నివేదికల్లో బైబిల్ స్త్రీలది చాలాచోట్ల ఇదే తీరు. ఒక పేరు, ఒక ఊరు, నెల జీతం. కెనడాలో స్త్రీల సంఘం ఉంది కనుక మటిల్డా ఛర్చిల్ ఉత్తరాలు నిలిచాయి. బైబిల్ స్త్రీ ఉత్తరం రాసినా చదివే సంఘం ఎక్కడుంది?

ఆ లోటు కొంతవరకు తీర్చినవి బోర్డింగులు, శిక్షణ బడులు. తునిలో ఈవా రోజ్ యార్క్ పేరుమీద నడిచిన బైబిలు శిక్షణ, వృత్తివిద్య పాఠశాల అలాంటిది. రాజమండ్రిలో లూథరన్‌ల షార్లెట్ స్వెన్సన్ బడి మరొకటి. పాఠాలు ఎలా ఉండేవో గాని, వేరువేరు ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఒకే హాల్లో పడుకుని, ఒకే బంతిలో తిని, ఒకళ్ళ జడ ఒకళ్ళు అల్లుకుంటూ గడిపిన నెలలు వాళ్ళకి జీవితాంతం సరిపడా స్నేహాల్ని ఇచ్చాయి. ఏ ఊరికి వేసినా పక్క ఊళ్ళో 'మన బడి అమ్మాయి' ఉండేది. ఇలాంటి సంబంధం పైనుంచి ఆర్డరు వేస్తే పుట్టేది కాదు.

డోర్నకల్‌లో అజరయ్య బిషప్పుగారి కాలంలో గురువులుగా తయారవుతున్నవారి భార్యలకి కూడా చదువు చెప్పేవారు. ఆయన సతీమణి అన్బు మరియమ్మాళ్ ఆ పనిలో ముందుండేవారు. ఆలోచన బాగుంది. ఊరికి పంపేది ఒక్క మనిషిని కాదు, ఇద్దరిని అని గుర్తించడం అప్పటికి పెద్ద మాటే. కానీ జీతం ఒక్కరిదే. ఈ లెక్క మాత్రం ఇప్పటికీ మారలేదు.

అయ్యగారు, అమ్మగారు

సంఘంలో పాస్టరు 'అయ్యగారు'. ఆయన భార్య 'అమ్మగారు', లేదా 'పాస్టరమ్మ'. ఈమెని ఎవరూ ఎన్నుకోలేదు. నియామక పత్రం లేదు. పనికి మాత్రం కొదవ లేదు.

తెల్లవారక ముందే ఉదయ ప్రార్థన. వారంలో ఒకరోజు స్త్రీల కూడిక, ఇంకోరోజు ఉపవాస ప్రార్థన, మధ్యలో ఇంటింటి ప్రార్థనలు. ఆదివారం ఉదయం సండేస్కూలు, ఆరాధన అయ్యాక ఊరినుంచి వచ్చినవాళ్ళకి భోజనం. ఎవరింట్లో పిల్ల ఈడేరినా, ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరి మొగుడు తాగొచ్చి కొట్టినా కబురొచ్చేది ఈమెకే. భీమిలి, తగరపువలస, ఆనందపురం, పద్మనాభం చుట్టూ ఉన్న చిన్న సంఘాల్లో చాలావాటికి అద్దె హాలే మందిరం. వేటకి వెళ్ళి తిరిగిరాని మత్స్యకారుడి ఇంట్లో, చిట్టివలస జనపనార మిల్లు మూతపడ్డాక పని పోయినవాళ్ళ ఇళ్ళలో తొలి రాత్రి కూర్చునేది కూడా ఈమెలాంటి వాళ్ళే. రాత్రి పదకొండింటికి ఫోను మోగితే 'ప్రార్థన చెయ్యండమ్మా' అన్న ఏడుపు.

మరి ఈమెకి ఏడుపొస్తే?

సంఘస్థులకి చెప్పుకోలేదు. చెప్పుకుంటే ఆదివారానికల్లా అది ఊరంతా తిరిగి, అమ్మగారికే విశ్వాసం లేదట అన్న మాటై వస్తుంది. భర్తతో వచ్చిన మాట పట్టింపు అయితే అసలే చెప్పకూడదు, అది సేవకే మచ్చ. పుట్టింటివాళ్ళకి చెబితే 'సేవకుడికిచ్చి తప్పు చేశాం' అంటారు. పక్క సంఘం పాస్టరమ్మకి చెబుదామంటే ఆ సంఘానికీ ఈ సంఘానికీ మధ్య నిన్నగాక మొన్న నాలుగు కుటుంబాల విషయంలో తగువు. డాక్టరుకి చెబుదామంటే నిద్రపట్టకపోవడం, గుండె దడ రోగమని ఎవరు ఒప్పుకుంటారు? దాన్నీ ప్రార్థనలోనే పెట్టమంటారు. ప్రార్థనలో పెట్టాల్సింది పెట్టాలి. రక్తపరీక్ష చేయించుకోవాల్సింది చేయించుకోవాలి. ఈ రెండో మాట చెప్పే మనిషి ఆమెకి కావాలి.

ఒంటరితనం అనగానే మనకి ఎవరూ లేని మనిషి గుర్తొస్తుంది. ఈమె ఇంట్లో రోజూ పదిమంది జనం. వాళ్ళలో ఒక్కరు కూడా ఈమెకి సమానం కాదు. ఒకరికి పెద్ద, ఒకరికి చిన్న, ఒకరికి గురువు, ఒకరికి వంటమనిషి.

అయ్యగారు పోయాక కథ మరో మలుపు తిరుగుతుంది. మిషన్ నుంచి వచ్చిన సంఘాల్లో అయితే పార్సనేజి ఖాళీ చేయాలి. అప్పటిదాకా అమ్మగారుగా పిలిపించుకున్న మనిషి పిల్లలతో అద్దె ఇల్లు వెతుక్కోవాలి. స్వతంత్ర సంఘాల్లో దీనికి తలకిందులు. మందిరం కట్టింది భర్త, నమ్ముకుని వచ్చింది జనం, బోధించగలిగింది ఈమె. నిన్నటిదాకా కూడిక నడిపిన ఆవిడే ఇవాళ పాస్టరు. విశాఖ చుట్టుపక్కల ఇలా సంఘాల్ని నిలబెట్టిన స్త్రీలు ఉన్నారు. వాళ్ళకి ఎక్కడా శిక్షణ లేదు, స్థలం కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో తెలియదు, ప్రభువు బల్ల ఇవ్వొచ్చా కూడదా అన్న వాదన పక్కనుంచి వస్తూనే ఉంటుంది. ఒక్కరోజులో ఇంత బరువు మీదపడితే అడగడానికి ఇంకొక ఆడ పాస్టరు ఫోను నంబరైనా ఉండాలి కదా!

గుర్తింపు అసలు రాలేదని కాదు. కర్నూలు ప్రాంతపు తెలుగు బిడ్డ ఎగ్గోని పుష్పలలిత 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘానికి (సీఎస్‌ఐ) తొలి మహిళా బిషప్ ఆమే. పేపర్లన్నీ రాశాయి. మంచిదే. కానీ మెట్టు ఎక్కినవాళ్ళు పెరిగినంత తొందరగా, ఆ మెట్టుమీద పక్కన నిలబడేవాళ్ళు పెరగరు. పైకి వెళ్ళేకొద్దీ గదిలో ఆడవాళ్ళు తగ్గిపోతారు. ఇది ఒక్క చర్చి సంగతే కాదు, కలెక్టరాఫీసులోనూ అంతే.

తాళంచెవి

ఇక్కడ ఒక్క మాట నిక్కచ్చిగా చెప్పాలి. స్త్రీలకి ఆసరా అనగానే మన సంఘాల్లో వెంటనే ఒక సభ పెడతారు. బ్యానరు కడతారు. బయటి ఊరి నుంచి ప్రసంగీకుడొస్తాడు, చాలాసార్లు మగవాడే. సామెతల గ్రంథంలో గుణవతియైన భార్య మీద రెండు గంటలు చెబుతాడు. పులిహోర, పెరుగన్నం పొట్లాలు పంచుతారు. వాటిని వండి కట్టింది కూడా పాస్టరమ్మలే. సాయంత్రానికి ఎవరిళ్ళకి వాళ్ళు. దీన్ని సహవాసం అనడానికి నాకు నోరు రాదు.

కాన్సో ఆడవాళ్ళకీ ఈ సభలకీ ఉన్న తేడా పెట్టె దగ్గరుంది. వంట బియ్యంలోంచి పిడికెడు తీసి పక్కన పెట్టే అలవాటు తెలుగు క్రైస్తవ స్త్రీలకి కొత్త కాదు. ఆ బియ్యం కుండలు సంఘాల్ని పోషించాయి. స్త్రీల సమాజం అమ్మిన పచ్చళ్ళతో, సేకరించిన చందాతో మందిరాలకి ఫ్యాన్లొచ్చాయి, చాపలొచ్చాయి, మైకొచ్చింది. ఆ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చిన కమిటీలో మాత్రం ఎంతమంది స్త్రీలు ఉన్నారో అడిగి చూడండి. అదే మనిషి మంగళవారం డ్వాక్రా సంఘం లీడరుగా బ్యాంకుకెళ్ళి సంతకం పెడుతుంది, అప్పు తెస్తుంది, వాయిదాలు కట్టిస్తుంది. ఆదివారం తన కూడిక డబ్బుకి పాస్టరుగారినో కమిటీ పెద్దనో అడగాలి. ప్రభుత్వం నమ్మిన సంతకాన్ని సంఘం నమ్మకపోతే ఎలా?

ఇది మన దగ్గరే జరిగిందనుకోనక్కర్లేదు. అమెరికాలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు దశాబ్దాలపాటు సొంతంగా నడిపిన మిషన్ బోర్డుల్ని 1923లో మగవాళ్ళ చేతిలో ఉన్న పెద్ద బోర్డుల్లో కలిపేశారు. వాళ్ళనొక మాట అడిగిందీ లేదు. పని పోలేదు, చందాలూ పోలేదు. నిర్ణయం పోయింది. తాళంచెవి చేతులు మారడానికి గొడవలేమీ అక్కర్లేదు, ఒక తీర్మానం చాలు.

తాళంచెవి దగ్గర పెట్టుకుని పనిచేసిన తెలుగు స్త్రీ ఎవరని అడిగితే నేను బి.వి. సుబ్బమ్మగారి పేరు చెబుతాను. గుంటూరు సీమ కమ్మ కుటుంబంలో పుట్టి క్రైస్తవంలోకి వచ్చిన మనిషి. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంలో రాజమండ్రి బైబిలు శిక్షణ బడికి పెద్దగా పనిచేశారు. 1970లో ఇంగ్లిషులో పుస్తకం రాసి, సంఘంలోకి రావడమంటే తమ బంధువర్గాన్ని, అలవాట్లని వదులుకోవడమే కానక్కర్లేదని వాదించారు. ఆ వాదన అందరికీ నచ్చలేదు, కులాన్ని గుమ్మం లోపలికి తెచ్చినట్టే కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆమె స్త్రీల కోసం పెట్టించిన ఆశ్రమాల విషయం వేరు. వచ్చి ఒక పూట ఉండొచ్చు. కింద కూర్చుని పాడుకోవచ్చు. తినొచ్చు. చెప్పుకోవచ్చు. నడిపేదీ ఆడవాళ్ళే, నిర్ణయించేదీ ఆడవాళ్ళే.

కథోలిక సిస్టర్లకి ఈ విషయంలో ముందునుంచీ ఒక వసతి ఉంది. ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్న ఆన్సీ నుంచి 1849లో వచ్చిన సెయింట్ జోసెఫ్ సిస్టర్లు విశాఖలో బడులు, ఆసుపత్రి, ఆ తర్వాత 1958లో ఆడపిల్లల కాలేజీ నడపగలిగారంటే ఒక కారణం, వాళ్ళు ఒంటరిగా ఎక్కడా ఉండకపోవడం. కాన్వెంటులో ఎవరికి జ్వరమొచ్చినా గంజి కాచేవాళ్ళు ఉంటారు. వాళ్ళ తగువులు వాళ్ళకీ ఉంటాయి, అది వేరే కథ. ప్రొటెస్టెంట్ పాస్టరమ్మకి కాన్వెంటు లేదు, జీతం లేదు, సెలవు లేదు.

మార్చి శుక్రవారం, తర్వాతి సోమవారం

ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఈ గోడలు కాస్త కిందికి దిగుతాయి. మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థన దినం. 1927 నుంచి ప్రపంచమంతా ఒకే రోజు జరుపుకుంటున్న ఈ ఆరాధనకి ప్రతి ఏడూ ఏదో ఒక దేశపు స్త్రీలు క్రమం రాసిస్తారు. ఆ రోజు వాక్యం చదివేదీ, ప్రసంగం చెప్పేదీ, కానుక పట్టేదీ స్త్రీలే. బాప్టిస్టులు, లూథరన్‌లు, సీఎస్‌ఐ వాళ్ళు, సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు ఒకే హాల్లో కూర్చుంటారు. ఎవరికి ఎవరు బంధువో, ఎవరి ఊరేదో తెలిసేది టీ తాగే అరగంటలోనే. అసలు పని జరిగేది కూడా ఆ అరగంటలోనే అని నా అనుమానం.

ఆ అరగంటని నెలకొకసారి పెట్టుకుంటే చాలు. ఆరుగురో ఏడుగురో, వేరువేరు సంఘాలవాళ్ళయితేనే మేలు. ఒకే సంఘంలో అయితే హోదాలు అడ్డొస్తాయి. వయసులో తేడా ఉండాలి. భర్త పోయాక పల్పిటెక్కిన ఆవిడ ఒకరు, కొత్తగా పెళ్ళై పార్సనేజికి వచ్చిన పిల్ల ఒకరు, ఉద్యోగం చేస్తూ పరిచర్య చేసే టీచరమ్మో నర్సమ్మో ఒకరు. అందరికీ అందరూ అక్కాచెల్లెళ్ళే, అక్కడ 'అమ్మగారు' ఎవరూ ఉండకూడదు. ప్రసంగం వద్దు. ప్రసంగం మొదలైతే వినేవాళ్ళు మళ్ళీ మూగవాళ్ళైపోతారు. విన్నది గుమ్మం దాటకూడదు. ప్రార్థన మనవి పేరుతో వాట్సాప్‌లో అస్సలు పెట్టకూడదు. సగం రహస్యాలు మన దగ్గర ప్రార్థన మనవిగానే బయటికి పొక్కుతాయి.

ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీ ఎవరైనా నోరు విప్పితే సహించమని చెప్పి పంపకూడదు. అటువంటప్పుడు 181 నంబరు ఉందని, పోలీసు ఉందని, లాయరు ఉన్నాడని తెలిసినవాళ్ళు ఆ గదిలో ఒక్కరైనా ఉండాలి. సేవకుడి ఇల్లైనా సరే.

ఇంకా, చిన్న పెట్టె ఒకటి. తలా కొంత. ఆసుపత్రి బిల్లుకో, పిల్ల ఫీజుకో, పార్సనేజి ఖాళీ చేసిన అక్క అద్దె అడ్వాన్సుకో. లెక్క పుస్తకం ఒకరి దగ్గర, తాళంచెవి ఇంకొకరి దగ్గర. ఏ కమిటీకీ చూపించనక్కర్లేదు.

ఎక్కడ కూర్చోవాలన్నది భీమిలివాళ్ళకి సమస్యే కాదు. ఎవరింట్లోనైనా సరే, గోస్తనీ సముద్రంలో కలిసేచోట ఇసుకమీదైనా సరే. సమస్య రోజుతోనే. ఆదివారం కుదరదు. శనివారం ఆదివారానికి తయారీ. బుధ, శుక్రవారాలు కూడికలకి పోతాయి. మిగిలినవాటిలో మేలైనది సోమవారం, ఆ రోజు పాస్టరుగారికి విశ్రాంతి కనుక ఆయన ఇంట్లోనే ఉంటాడు, అన్నం వడ్డించుకోగలడు. ఉదయం పదకొండింటికి మొదలుపెడితే బడి వదిలే వేళకి ఇల్లు చేరొచ్చు.